ఈశాన్యం మూల పది రూపాయల బిళ్ళ

మావయ్య పోయి మూడు నెలలైంది. పెద్దకర్మ అయిపోయి చుట్టాలందరూ బస్సులెక్కాక అత్తయ్య నన్ను పిలిచి బీరువా మీదున్న బిస్కెట్ల రేకు డబ్బా దింపమంది. "ఇందులో ఏముందో నాకూ తెలీదు, పిల్లలకీ తెలీదు, ఆయన నీకే చెప్పేవారు, నువ్వే చూడరా" అంది. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది, స్పూన్ కాడ దూర్చి లేపేసరికి గుప్పుమంది వాసన. కలరా ఉండలు, పాత కాగితం, వాటి కిందనుంచి చిల్లర వాసన, బస్ కండక్టర్ చేతికి ఉంటుందే, అది. అంతే, ఇంక నేనక్కడ లేను.

డబ్బా నిండా నాణేలు. ఒక్కోటీ ఒక్కో చిన్న కవర్లో, అప్పట్లో బ్యాంకులో జీతాలిచ్చే బ్రౌన్ కవర్లుండేవి చూడండి, వాటిని సగానికి కోసి గమ్ముతో అంటించినవి. పైన నీలం సిరాతో సంవత్సరం, లోహం, బరువు, ఏ టంకశాలదో గుర్తు. అన్నిటి అడుగునా ఒక పొడుగాటి అట్ట పుస్తకం. మావయ్య కాకినాడలో ఒక బ్యాంకులో ముప్పై ఎనిమిదేళ్ళు క్యాషియరుగా చేశాడు, ఇంట్లోకి చింతపండు కొన్నా పద్దు రాసే మనిషి, నాణేలకి రాయకుండా ఉంటాడా.

పుస్తకం పట్టుకుని నేను చదువుతుంటే మావయ్య కొడుకు ఒక్కో కవరూ సరిచూశాడు. అన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. 'గాంధీ శతజయంతి, 10 రూ., వెండి, 6' అని ఉంది. డబ్బాలో అయిదే ఉన్నాయి. నాలుగు సార్లు లెక్కపెట్టాం, డబ్బా బోర్లించాం, బీరువా కింద చీపురు పెట్టి లాగాం. అత్తయ్య మొహం చిన్నబోయింది, ఆ పదమూడు రోజులూ ఇంట్లోకి ఎంతమంది వచ్చారో ఏంటో, పైకి అనలేదు గానీ నాకర్థమైంది. పక్కనుంచి మా పెద్దాడు ఫోన్ తీసి "డాడీ, వెండి రేటు చూశావా ఇప్పుడు" అని ఇంకో పుల్ల వేశాడు. వాణ్ణని ఏం లాభం లెండి, బంగారం పది గ్రాములు లక్ష దాటిన రోజు, 2025 ఏప్రిల్లో, నేను కూడా ఆఫీసులో పని పక్కన పడేసి అదే చూస్తూ కూచున్నాను.

ఇంటికొచ్చాక కూడా ఆ ఆరో బిళ్ళ బుర్రలోంచి పోలేదు. దాన్ని వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్ళిపోయాను. ఉప్పాడకి.

* * *

అమ్మమ్మ వాళ్ళది ఉప్పాడలో జాందానీ చీరలు నేసే ఇల్లు. దసరాకీ సంక్రాంతికీ కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీద బస్సులో వెళ్ళేవాళ్ళం, పోటు మీదుంటే కిటికీలోంచి తుంపర్లు మొహాన పడేవి, అమ్మ కొంగుతో తుడిచేది, మళ్ళీ పడేవి. ఆ ఇంట్లో రెండు చప్పుళ్ళు ఎప్పుడూ ఉండేవి, ఒకటి మగ్గం, ఒకటి సముద్రం. మగ్గం ఆగిందంటే తాతయ్య అన్నానికి లేచాడని. రెండోది ఆగేది కాదు. రాత్రి పడుకుంటే గోడకి అవతలే ఉన్నట్టుండేది, నిజానికి అప్పటికి మా ఇంటికీ ఒడ్డుకీ మధ్య ఇంకా మూడు వీధులున్నాయి. అమ్మమ్మ కాపరానికొచ్చినప్పుడు ఆరుట. ఆవిడ కాలాన్ని కూడా వీధుల్లోనే లెక్కపెట్టేది, "మీ అమ్మ పుట్టినప్పుడు అయిదు వీధులుండేవిరా, మీ మావయ్య నాటికి నాలుగూ చిల్లర" అనేది. ఆ చిల్లరేంటో నేనెప్పుడూ అడగలేదు.

సముద్రం ఎందుకలా కోస్తోందో తర్వాతెప్పుడో చదువుకున్నాను, గోదావరి తెచ్చిన ఇసుక కాకినాడ ముందు మేటవేసి హోప్ ఐలాండ్ దిబ్బ పెరగడం, కెరటాల దారి మారడం, తీరం వెంట దక్షిణం నుంచి పైకి నడిచొచ్చే ఇసుక ఉప్పాడ దాకా చేరకపోవడం, ఇలా ఏవేవో కారణాలు. అమ్మమ్మకి ఇవేవీ అక్కర్లేదు. "దానికి ఆకలి" అనేది, అంతే.

మధ్యాన్నం పూట వీధిలో ఒక కేక వినిపించేది. "పాత పట్టుచీరలూ... జరీ చీరలూ కొంటాం..." అని సాగదీసి, చివర్న గొంతు పైకి లేపి. ఆ కేక వింటే అమ్మమ్మ పెట్టె తాళం చూసుకునేది. అప్పటి జరీ అంటే వెండి తీగ, దారానికి చుట్టి పైన బంగారు నీరు పట్టించింది, చీర చిరిగినా అంచు విలువ అంచుకుండేది. వాడు అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూసేవాడు, కాలిపోయి బూడిదైతే నకిలీ, తీగ మిగిలితే సరుకు. చీర మొత్తం తీసుకెళ్ళి తగలబెట్టి, బూడిద కడిగి, వెండి ముద్ద చేసేవాళ్ళు. అమ్మమ్మ తన పెళ్ళి చీర ఇవ్వలేదు గానీ ఒకసారి డబ్బవసరం వచ్చి తాతయ్య చేతి పని చీరొకటి ఇచ్చేసింది, "ఆర్నెల్లు నేశాడు, అరగంటలో బూడిద" అని వారం రోజులు సణిగింది. వాడి త్రాసులో తూకపు రాయి ఏంటో తెలుసా, విక్టోరియా రాణి బొమ్మున్న వెండి రూపాయి! ఆ రోజుల రూపాయి సరిగ్గా తులం ఎత్తు, పదకొండు గ్రాముల అరవై ఆరు సెంటీగ్రాములు. మావయ్య ఆ త్రాసు పక్కన గొంతుక్కూచుని వెండి మానేసి రాయి వైపే చూసేవాడు. ఒకసారి బతిమాలి బతిమాలి ఆ రూపాయి కొనేసుకున్నాడు, తూకం రాయి అమ్మేసుకున్న ఆ జరీవాడు ఆ పూట వ్యాపారం మానుకుని వెళ్ళిపోయాడు.

* * *

తుపాను వెళ్ళిపోయాక తెల్లారే తెల్లారడం వేరుగా ఉంటుంది. గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, కాకి కూడా అరవదు, ఒడ్డంతా తెగిన వలలూ, కొబ్బరి మట్టలూ, ఎవరింటి తలుపు రెక్కో, చెప్పుల్లో ఒక కాలిదీ. మగాళ్ళు పడవలు ఏమయ్యాయో అని పరిగెడితే, ఆడవాళ్ళూ పిల్లలూ దువ్వెనలూ చీపుర్లూ సత్తు పళ్ళేలూ పట్టుకుని ఇంకో వైపు. బంగారం ఏరడానికి. 2020లో నివర్ తుపాను తర్వాత టీవీల్లో చూపించేసరికి లోకమంతా నోరెళ్ళబెట్టింది గానీ మా చిన్నప్పట్నుంచీ అది మాకు మామూలే, రేగుపళ్ళు ఏరుకోడానికి పోయినట్టే పోయేవాళ్ళు.

ఎక్కడిదా బంగారం అంటే, మునిగిన ఇళ్ళది, గుళ్ళది అని అందరూ అనేవాళ్ళు. ఇల్లు కట్టేటప్పుడు శంకుస్థాపన గోతిలో నవధాన్యాలూ నవరత్నాలతో పాటు పిసరంత బంగారం, కాస్త వెండి వేసి పూడుస్తారు కదా. సముద్రం మీదికొస్తే ముందు అరుగు పోతుంది, తర్వాత గోడ, తర్వాత పునాది, ఆ గోతిలోది అన్నిటికన్నా చివర్న కదులుతుంది. అది కాక, అర్ధరాత్రి పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తిన ఇళ్ళల్లో జారిపోయిన చెవిపోగులూ, ముక్కుపుడకలూ, నల్లపూసల మధ్య గుండ్లూ.

ఏరడం మాత్రం అందరికీ రాదు. అమ్మమ్మకి దాని శాస్త్రం ఉంది. "తుపాను నాడు పోయేవాడు పిచ్చోడు, మర్నాడు పోయేవాడు ఆశపోతు, మూడోనాడు పోయేవోడికి దొరుకుద్ది" అనేది. మొదటి రెండు రోజులూ కెరటం ఇంకా కలబెట్టి కొడుతూనే ఉంటుంది, వేసిన ఇసక వేసినట్టే లాక్కుపోతుంది. మూడోనాటికి నీరు తేరుకుంటుంది. దాని మీద అమావాస్యో పున్నమో కలిసిందంటే ఇంక పండగే, పాటు బాగా లోపలికి లాగేస్తుంది, మామూలప్పుడు కాలు పెట్టని చోటు బయట పడుతుంది. పాటు ఏ వేళకొస్తుందో ఆవిడకి గడియారం అక్కర్లేదు, నిన్నటికన్నా ఇవాళ రెండు గడియలు ఆలస్యం అని వేళ్ళ మీద చెప్పేది. చదువుకున్న లెక్కలో అది యాభై నిమిషాలు, గడియకి ఇరవై నాలుగు నిమిషాల చొప్పున ఆవిడ రెండు గడియలకి రెండు నిమిషాలే తేడా.

ఒడ్డుకెళ్ళాక తెల్ల ఇసక మొహం కూడా చూసేది కాదు. కెరటం నిలువునా కోసేసి గట్టులా వదిలేస్తుందే, దాని అడుగున నల్లగా చారలు పడుంటాయి. అక్కడ కూలబడేది. "తెల్ల ఇసక సోకు, నల్ల ఇసకే సరుకు." ఇంటర్లో సాంద్రత పాఠం చెప్తున్నప్పుడు నాకు అమ్మమ్మే గుర్తొచ్చింది, మామూలు ఇసుక నీళ్ళకన్నా రెండున్నర రెట్లు బరువు, నల్ల ఇసుకలో ఉండే ఇల్మనైట్ నాలుగున్నర రెట్లు, వెండి పదిన్నర, బంగారం పంతొమ్మిది. వెనక్కి పోయే కెరటం తేలికవి పట్టుకుపోయి బరువువి వదిలేస్తుంది, బరువు బరువుతో కలుస్తుంది, నల్లది కనపడిన చోటే పచ్చది ఉంటుంది. మాస్టారు బోర్డు మీద రాస్తుంటే ఇదంతా మా అమ్మమ్మకి తెలుసని చెప్పాలనిపించింది, నోరు పెగల్లేదు.

దువ్వెనతో ఇసకని జుట్టు దువ్వినట్టు మెల్లిగా దువ్వేది, పాయలు పాయలుగా. మెరిసిందల్లా చూసి మేం అరిచేవాళ్ళం, అది అభ్రకం. "పళ్ళెం తిప్పి చూడరా, తిప్పితే మెరుపారిపోతే అభ్రకం, ఎటు తిప్పినా అదే రంగైతే అది" అనేది, బంగారం పేరు మాత్రం ఒడ్డు మీద పలికేది కాదు, ఎప్పుడూ "అది" అనే. ఇంకోటి కూడా చెప్పేది, సముద్రంలో ఎన్నేళ్ళున్నా దాని రంగు మారదని. వెండి నల్లబడుతుంది, రాగికి ఆకుపచ్చ చిలుము పడుతుంది, ఇనుము ఉబ్బి పగులుతుంది.

రోజంతా నడుం విరిగేలా కూచుంటే దొరికేది ఎంత అనుకున్నారు, గురిగింజలో సగం. చాలా రోజులు అదీ లేదు. దొరికింది మాత్రం అమ్మేది కాదు, ఒక ఖాళీ అమృతాంజనం సీసాలో నీళ్ళు పోసి అందులో వేసేది. కుదిపితే అడుగున చిన్న చప్పుడొచ్చేది. ఆ రోజుల్లో ముద్ద బంగారం జనం ఇళ్ళల్లో ఉంచుకోకూడదని 1968 నాటి చట్టం, 1990లో తీసేసేదాకా ఉంది, అంతకుముందు 1963లో పధ్నాలుగు కేరట్లు మించి నగలు చెయ్యకూడదని కూడా ఒక రూలొచ్చింది, కంసాలి వీధిలో కుంపట్లు ఆరిపోయిన రోజులవి అని తాతయ్య చెప్పేవాడు. మావయ్య అమ్మమ్మని ఆటపట్టించేవాడు, "అమ్మా, 1878 చట్టం ఒకటుంది, భూమిలో దొరికిన నిధి పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలి, నీ సీసా పదెప్పుడో దాటింది" అని. అమ్మమ్మ తలెత్తకుండానే "రమ్మను కలెక్టర్ని, దువ్వెన ఇస్తాను, పక్కన కూచుని ఏరుకోమను" అనేది.

* * *

నాకు దొరికింది మాత్రం ఒక్కసారే. తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. గట్టు అడుగున గులకరాళ్ళ సందులో పచ్చగా గుండ్రంగా కనపడింది, గోరుతో గీకితే ఇంకా పచ్చగా అయింది. నేనరిచిన అరుపుకి కోనపాపపేట దాకా వినపడి ఉంటుంది. పది మంది చుట్టూ చేరారు, ఒకావిడ కళ్ళకద్దుకుంది కూడా. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని ఊళ్ళోకి పరిగెత్తాను, వెనకాల పిల్లల దండు, నేరుగా ఆచారి గారి కొట్టుకి. ఆయన కుంపటి ముందునుంచి లేవకుండా చెయ్యి చాపాడు, గీటురాయి మీద ఒక గీత గీశాడు, పచ్చని గీత, మేమంతా ఊపిరి బిగబట్టాం, సీసాలోంచి ఒక ఆసిడ్ చుక్క వేశాడు. గీత బుసబుస పొంగి మాయమైపోయింది. అప్పుడాయన కళ్ళజోడు పైకి నెట్టి బిళ్ళని వెలుతురులో పెట్టి "ఒరే అబ్బాయ్, ఇది గాంధీగారు రా, ఇరవై పైసలు" అన్నాడు.

ఇరవై పైసల పచ్చ బిళ్ళ గుర్తుందా మీకు? 1969లో గాంధీ శతజయంతికి వేసినవి, రాగిలో అల్యూమినియం కలిపిన లోహం, కొత్తగా ఉన్నప్పుడు అచ్చం బంగారంలానే ఉండేది. అందులో నిజంగానే బంగారం కలిపారని మా వైపు పుకారు కూడా ఉండేది, ఉంగరాలు చేయించుకున్న వాళ్ళున్నారు. నాది ఇసకలో అరిగి అరిగి గుండు తప్ప ఏమీ మిగల్లేదు. వీధి వీధంతా నవ్వింది. ఏడుస్తూ ఇంటికొస్తే మావయ్య ఒక్కడే నవ్వలేదు. శనివారం ఒంటిపూట బ్యాంకు చూసుకుని వచ్చాడు, బిళ్ళ తీసుకుని భూతద్దంతో అటూ ఇటూ చూసి, సంవత్సరం అంకె కింద గుర్తు కోసం వెతికాడు, "అరిగిపోయింది గానీ లేకపోతే ఎక్కడ పుట్టిందో చెప్పేవాణ్ణి" అన్నాడు. నాకు అప్పుడు తెలిసింది నాణేలకి పుట్టిన ఊరుంటుందని. బొంబాయిదైతే డైమండ్ గుర్తు, మన హైదరాబాదుదైతే నక్షత్రం, కలకత్తాదైతే ఏ గుర్తూ ఉండదు, ఆ తర్వాత నోయిడాది వచ్చాక చుక్క. ఆ రాత్రి లాంతరు పెట్టుకుని ఇంట్లో ఉన్న చిల్లరంతా నేల మీద పోసి నక్షత్రాలు ఏరాం ఇద్దరం. సముద్రం అవతల పక్క కొడుతోంది. ఏడుపు ఎప్పుడాగిందో గుర్తులేదు.

* * *

మావయ్య బ్యాంకులో చేరిన కొత్తలో వచ్చిందిట గాంధీ పది రూపాయల వెండి బిళ్ళ. జీతం చేతికొచ్చిన రోజే అరవై రూపాయలిచ్చి ఆరు తీసుకున్నాడు, ఇంటికి మిగతాది తెచ్చిస్తే అమ్మమ్మ "పది నోటుకి పది బిళ్ళ కొన్నావా, నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అందిట. అప్పట్నుంచీ మొదలు. 1964లో నెహ్రూ పోయాక వేసిన రూపాయి మన దేశంలో మొదటి స్మారక నాణెం అని, అది నికెలు అని, తర్వాత వెండివి వచ్చాయని పాఠంలా చెప్పేవాడు. ఢిల్లీలో ఏషియాడ్ ఆటలు జరిగినప్పుడు పది పైసలూ పావలా రెండు రూపాయలూ, ఇందిరాగాంధీ పోయాక ఆవిడ బొమ్మతో బరువైన అయిదు రూపాయల బిళ్ళ, నెహ్రూ శతజయంతి, అంబేద్కర్ రూపాయి, ఇలా దేశంలో ఏం జరిగినా మాకు ముందు చిల్లర రూపంలో తెలిసేది. కొత్త సంచీ విప్పిన రోజు సాయంత్రం జేబులో గలగల చప్పుడుతో వచ్చేవాడు. క్యాషుకి తన జేబులోంచి డబ్బులు కట్టి మరీ తీసుకునేవాడు, ఒక్క పైసా తేడా రానిచ్చేవాడు కాదు.

తోమనిచ్చేవాడు కాదు. అత్తయ్య కొత్తగా కాపరానికొచ్చి మంచి చేద్దామని ఒక వెండి బిళ్ళని చింతపండు పెట్టి తళతళా తోమింది, ఆ పూట ఆయన అన్నం తినలేదుట. నలుపు దాని వయసు అనేవాడు.

నాకు బాగా నచ్చేది ఆయన బరువు లెక్క. 1969 గాంధీ పది, 15 గ్రాములు, నూటికి 80 పాళ్ళు వెండి, అంటే అసలు వెండి 12 గ్రాములు. మూడేళ్ళకి, 1972లో, స్వతంత్రం వచ్చి పాతికేళ్ళైందని ఇంకో పది రూపాయల వెండి బిళ్ళ వేశారు, 22న్నర గ్రాములు, చేత్తో పట్టుకుంటే దిట్టంగా ఉంటుంది, కానీ వెండి సగమే. అంటే 11 గ్రాముల పావు. "చూశావా, ఒళ్ళు పెరిగింది, సత్తువ తగ్గింది" అనేవాడు రెండు చేతుల్లో రెండూ పెట్టి. 1973లో ఇరవై రూపాయలది, ఆ మరుసటి ఏడాది కుటుంబ నియంత్రణ మీద యాభై రూపాయలది, అన్నీ అదే సగం వెండి. అందుకే ఆయన కళ్ళకి గాంధీ పదే పెద్దది.

ఈ లెక్కే ఒకసారి పెద్ద గొడవైంది. 2011 వేసవి, వెండి పిచ్చెక్కినట్టు పెరిగిన రోజులు, ఔన్సు 49 డాలర్ల దాకా పోయి మే మొదటి వారంలో దభీమని కూలింది, గుర్తుందా. పెరుగుతున్నప్పుడు అత్తయ్య పోరగా పోరగా డబ్బాలో ఎక్కువున్నవి నాలుగు పట్టుకుని ఒక కొట్టుకెళ్ళాం ఇద్దరం. కొట్టాయన గాంధీదీ 72దీ కలిపి కాటా మీద పోసి "సగం వెండి లెక్క కట్టి ఇస్తాను" అన్నాడు. మావయ్య మెల్లిగా "ఇది ఎనభై, ఇది యాభై అండి" అన్నాడు. ఆయన వినలేదు. మావయ్య జేబులోంచి కాగితం తీసి గ్రాముల లెక్క వేసి చూపించాడు. ఆయన కాగితం చూడకుండా "మాస్టారూ, కరిగిస్తే అన్నీ ఒకటే" అన్నాడు. ఆ మాటకి మావయ్య నాలుగూ ఏరుకుని రుమాల్లో కట్టుకుని మెట్లు దిగొచ్చేశాడు. వారం తిరక్కుండా రేటు పడింది, అత్తయ్య నెల రోజులు మాట్లాడలేదు. అదే ఏడాది జూన్ నెలాఖరుతో పావలా, అంతకన్నా కిందివి చెల్లవని తీసేశారు. డబ్బాలో ఏషియాడ్ పావలాలు ఎన్నో ఉన్నాయి, పోయాయి కదా మావయ్యా అంటే, "పోవడమేంట్రా, ఇప్పటిదాకా ఎవడైనా ఖర్చు పెట్టేస్తాడని భయం, ఇంక ఆ భయం లేదు" అన్నాడు.

చివరిగా ఆయన అడిగి తెప్పించుకున్నది ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్లో విడుదల చేశారు, హైదరాబాదు టంకశాలలోనే వేశారు. నడవలేని స్థితి, ఫోన్ చేసి "ఒరేయ్, నక్షత్రం గుర్తుదే కదా, నాకోటి తెచ్చిపెట్టరా" అన్నాడు చిన్నపిల్లాడిలా. లైన్లో నిలబడి తెచ్చాను. మంచం మీద కూచునే లెక్క వేశాడు, 35 గ్రాములు, సగం వెండి, పదిహేడున్నర గ్రాములు, ఆ రోజు రేటుకి పదమూడొందలు. "పైన రాసింది వంద, లోపల ఉన్నది పదమూడొందలు, నువ్విచ్చింది నాలుగు వేల పైన" అని ఆగి, కాసేపు ఆ బొమ్మ వైపు చూసి, "మిగతాదంతా అభిమానం, దానికి తరుగు లేదు" అన్నాడు.

* * *

మోంథా తుపాను తర్వాత ఒకసారి ఉప్పాడ వెళ్ళాను, ఒక్కణ్ణే. బీచ్ రోడ్డు కొరికేసినట్టుంది, రాళ్ళు ఎటుపడితే అటు. జియోట్యూబులని ఇసక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచులతో గోడ కట్టారు అప్పట్లో, అదీ అయిపోయింది. మా వీధి ఎక్కడుండాలో అంచనా వేద్దామని నిలబడ్డాను, మగ్గాల ఇళ్ళు, జరీవాడు కేకేసే మలుపు, ఆచారి గారి కొట్టు. అన్నీ నీళ్ళే. అమ్మమ్మ లెక్కలో చెప్పాలంటే ఇప్పుడు మైనస్ రెండు వీధులు అనుకోవచ్చు. మాయాపట్నం వైపు ఒడ్డున ఇద్దరాడవాళ్ళు కూచుని దువ్వుతున్నారు, పక్కన ఒక కుర్రాడు ఆన్‌లైన్లో తెప్పించుకున్న మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతున్నాడు, తడి ఇసక మీద పెట్టిన ప్రతిసారీ అది కుయ్యిమంటోంది, ఉప్పునీళ్ళకి చవక మెషిన్లు అలాగే మోసపోతాయి. ఆ అల్లరికి ఆడవాళ్ళు విసుక్కుని జరిగి కూచున్నారు. వాళ్ళు కూచున్న చోటు చూశాను. గట్టు అడుగున, నల్ల చార మీద.

అప్పుడు నాకు సీసా గుర్తొచ్చింది. అమ్మమ్మ అమృతాంజనం సీసా ఏమైంది?

మావయ్య కాకినాడలో ఇల్లు మొదలుపెట్టినప్పటి సంగతి, బంగారం తులం మూడు వేల లోపు ఉన్న రోజులు. ఉప్పాడ ఇంటి ముందు అప్పటికి ఒక్క వీధే మిగిలింది. శంకుస్థాపనకి అందరం వెళ్ళాం, మంచు పొద్దు, పురుగుల మందు చల్లిన పచ్చి మట్టి వాసన. పంతులుగారు పంచలోహాలు, నవరత్నాల పొట్లం అడిగితే అమ్మమ్మ కొంగు ముడి విప్పింది. సీసా. మావయ్య వద్దన్నాడు, "అమ్మా, ఎన్నేళ్ళు ఏరావు, గొలుసు చేయించుకో" అన్నాడు. ఆవిడ వినలేదు. "ఇదంతా ఎవరెవరి పునాదుల్లోదో, మళ్ళీ పునాదిలోకే పోవాలి" అని మూత తీసి నీళ్ళతో సహా గోతిలో ఒంపేసింది. గురిగింజ ముక్కలు ఎన్నో, మూడో నాలుగో గ్రాములుంటాయేమో, నల్ల మట్టిలోకి. పంతులుగారు "వెండి?" అన్నారు. వెండి ఎవరూ తేలేదు. మావయ్య జేబులో చెయ్యి పెట్టడం నాకు ఇప్పుడు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. అప్పుడు నేను ఇటికల మీద ఎక్కి చూస్తున్నాను, ఏం వేశాడో కనపళ్ళేదు.

ఒడ్డు మీదనుంచే అత్తయ్యకి ఫోన్ చేశాను. "ఆ పుస్తకం వెనక నుంచి తిప్పి చూడండి" అన్నాను. మావయ్య పద్దు పుస్తకాల్లో జమ ముందు వైపు, ఖర్చు వెనక వైపునుంచి రాసుకునేవాడు, ఈ ముక్క నాకు ఆ రోజే తట్టాల్సింది. ఫోన్లో కాగితాల చప్పుడు. చాలాసేపు. తర్వాత అత్తయ్య ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది, "గాంధీ పది, ఒకటి. ఇంటి ఖాతా. ఈశాన్యం." కింద బ్రాకెట్లో ఇంకేదో చిన్నక్షరాలతో ఉందంది, కళ్ళజోడు తెచ్చుకుని చదివింది, "పది దాటలేదు, కలెక్టరుకి చెప్పక్కర్లేదు." ఆవిడకి అర్థం కాలేదు. నేను నవ్వుతుంటే ఏమైందిరా, ఏమైందిరా అని అడుగుతూనే ఉంది.

ఆ ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశారు. వచ్చే నెల కూలుస్తారు. మావయ్య కొడుక్కి చెప్పి ఉంచాను, ప్రొక్లెయిన్ వాడు పునాది తవ్వే రోజు నేనూ వస్తానని, ఈశాన్యం మూల దగ్గర కాస్త నెమ్మదిగా తవ్వించమని. వాడు "ఎందుకు బావా, ఎన్ని వేలొస్తుంది దానికి" అన్నాడు. దువ్వెన ఒకటి బ్యాగులో పెట్టుకున్నాను.